మనము దేనికొరకు వందనములు చెల్లించుచున్నాము?

(ధ్యాన భాగములు: లూకా 13:1-9, లూకా 18:9-14, ద్వితీయోపదేశకాండము 22:1-3)



డిసెంబరు నెల వచ్చినదనగా మన సంఘములలో సాక్ష్యముల కాలము వచ్చినదన్నమాట. క్రిస్మసు కూడికలు, ఇంటింట కృతజ్ఞతా కూటములు, ముప్పదియొకటవ తేదీ రాత్రి ఆరాధన, పండ్రెండు గంటలకు గంట కొట్టుట, వాగ్దాన వచనపు చీటీ తీసికొనుట, ఆపైన టీ, బన్ను. ఇవన్నియు మీకు తెలిసినవే. ఆ రాత్రి లేచి నిలువబడువారి మాటలు ఇంచుమించు ఒక్క అచ్చులో పోసినట్లుండును. ఎందరో గొప్పవారు, ధనవంతులు గతించిపోయినను మమ్మును సజీవుల లెక్కలో ఉంచిన దేవునికి వందనములు అందురు. నేనును ఆ మాటను ఇరువది సంవత్సరములుగా చెప్పుచునే యున్నాను. వినువారు ఆమెన్ అనుచునే యున్నారు. ఆ మాటలో ఒక ముల్లున్నదని నాకు చూపినది నిన్నగాక మొన్న కాపురమునకు వచ్చిన ఒక పిల్ల.

2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చిన సంగతి మీరు మరచియుండరు. అది కాకినాడ ప్రాంతముననే తీరము దాటునని వాతావరణ శాఖవారు ముందుగా చెప్పిరి. అలలు మన బీచిరోడ్డును కోసివేసినవి. బోట్లను పైకి లాగి కట్టి, చంటిబిడ్డలను ఒక చంకను, బియ్యపు డబ్బాను ఒక చంకను పెట్టుకొని జనులు స్కూలు వసారాలలో కూర్చుండిరి. నేనును వారితో కూర్చుండి ప్రార్థించితిని. ఏమని? ఈ గాలిని మా మీదనుండి తప్పించుమని. 28వ తేదీ రాత్రి ఆ తుపాను మనకు దిగువగా జరిగి, నరసాపురము దగ్గర తీరము దాటినది.

తరువాతి ఆదివారము నవంబరు 2. మందిరము నిండినది; ఆపద తప్పిన వారము ఎప్పుడును నిండును. నేను బల్లయొద్ద నిలిచి, తుపాను దారి మళ్లించిన దేవునికి స్తోత్రములని గొంతెత్తి ప్రార్థించితిని. చాలమంది కన్నీరు విడిచిరి. నా ప్రార్థన నాకే బాగుగా నుండెనని దాచక చెప్పుచున్నాను. ఆరాధన ముగిసి జనులు వెళ్ళుచుండగా, మన సంఘములోని ఒక యింటి కోడలు మెట్లయొద్ద ఆగినది. పెండ్లియై రెండేండ్లు కాలేదు. ఆమె పుట్టినిల్లు నరసాపురమునకు దగ్గరి యొక పల్లె.

"అయ్యగారూ, తుపానుని దేవుడు మన మీదనించి తప్పించాడన్నారు కదండీ. మరి మా అమ్మావాళ్ళ మీదికి తోలిందెవరండీ?"

ఎగతాళిగా అనలేదు. ఆ పిల్లకు ఎగతాళి చేతకాదు. వారి యింటి రేకులు లేచిపోయినవట. కొబ్బరిచెట్టు ఒకటి పశువుల పాకమీద పడినదట. రెండు దినములు ఫోను కలియలేదట. నేను "అంతా దేవుని చిత్తమమ్మా" అని ఏదో యొకటి చెప్పి పంపివేసితిని. ఆ జవాబు ఆమెకు చాలినదో లేదో గాని నాకు చాలలేదు. ఆ మధ్యాహ్నము అన్నము సహించలేదు.

నరసాపురములో ప్రార్థించువారు లేరా? 1836లో ఇంగ్లండునుండి ఓడనెక్కి వచ్చిన బౌడెన్, బీర్ అను ఇద్దరు ఆ ప్రాంతమునకే చేరి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. మెక్లారిన్ దొరగారు కెనడియన్ బాప్టిస్టు మిషను పనికై 1874లో కాకినాడకు రాకమునుపే ఇంచుమించు నలువది యేండ్లుగా అక్కడ సువార్త పలుకుచున్నది. మనకంటె పాత విశ్వాసులు వారు. ఆ రాత్రి అక్కడి మందిరములలోను మోకాళ్ళమీద నున్నవారుందురు. మా మీదనుండి తప్పించుమనియే వారును అడిగియుందురు. తుపాను ఎక్కడో ఒకచోట తీరము దాటవలెను గదా! నేను తప్పించుమన్నప్పుడు, నాకు తెలియకయే, ఇంకొకరిమీదికి పొమ్మంటినా? అడిగిన మాట అటుంచుదము. ప్రాణభయములో నోట వచ్చిన మాటలను దేవుడు త్రాసులో వేసి తూచడని నా నమ్మకము. అయితే గాలి తగ్గిన అయిదు దినములకు, ఇస్త్రీ చొక్కా తొడిగికొని, ఆలోచించి కూర్చి చేసిన కృతజ్ఞతా ప్రార్థన మాటేమి? దానికి భయము సాకు కాదు.

నిజము చెప్పవలెనంటే ఈ ప్రశ్న నాకు క్రొత్తది కాదు. చిన్ననాడే మా యింటిలో వింటిని; పెద్దవాడనై, పాస్టరునై, మరచితిని.

1996 నవంబరు 6వ తేదీ తుపానునాటికి నాకు పదునైదేండ్లు. అది కాకినాడకు దక్షిణమున కోనసీమమీద పడినది. వెయ్యిమందికి పైగా చనిపోయిరి. వేటకు పోయి సముద్రముమీదనే యుండిన జాలరులు ఎందరో తిరిగి రాలేదు. మా నాన్నకూడ ఆ వారము బోటుమీద ఉండవలసినవాడే. వెళ్ళుటకు ముందు రోజున వల దులుపుచుండగా కాలికి జెల్లముల్లు గ్రుచ్చుకొని, పాదము గుమ్మడికాయవలె వాచినది. మనిషి తక్కువయ్యెనని సరంగు మా ప్రక్కయింటి ఆయనను పిలిచికొని పోయెను. ఆ బోటు రాలేదు.

మా అమ్మ కృతజ్ఞతా కూటము పెట్టింపవలెనని పట్టుపట్టినది. పాస్టరుగారిని పిలిచి, పదిమందికి అన్నము పెట్టి, ప్రార్థన చేయించుట మన వాడుక, అందులో తప్పేమి? మా నాన్న మంచముమీద కాలు చాపుకొని కూర్చుండి ఇట్లనెను: "ఏవని చెప్తావే? నాకు ముల్లు గుచ్చుకుంది, ఆడికి గుచ్చుకోలేదు, వందనాలండీ అని చెప్తావా? ఆల్ల గుమ్మం మన గుమ్మానికి ఎన్ని అడుగులే?"

కూటము జరుగలేదు. కాలు మానిన తరువాత నాన్న మరల వేటకు పోయెను. ఒడ్డున వాటాలు పంచుకొన్నప్పుడెల్ల తన వాటాలో సగము ఆ యింటి అరుగుమీద పెట్టి, పలుకరింపక వచ్చెడివాడు. ఆ యింటి పెద్ద పిల్లవాడు బోటెక్కు వయస్సు వచ్చువరకు అట్లే జరిగినది. మా అమ్మ సణిగిన దినములు లేకపోలేదు. మా కుండలో పులుసు నీళ్ళుగా ఉన్న దినములును ఉన్నవి. నాన్న మందిరములో ఎన్నడును లేచి సాక్ష్యము చెప్పలేదు. సిగ్గరి మనిషి. ఒకని బదులు ఒకడు పోవుట అను సంగతిని నేను సెమినరీలో పెద్ద పుస్తకములలో చదివితిని. దాని బరువును అంతకుముందే మా వాకిట చూచియుంటిని.

ఇప్పుడు వాక్యములోనికి వత్తము. లూకా సువార్త పదునెనిమిదవ అధ్యాయములోని పరిసయ్యుని మనము చెడ్డవానిగా చేసి ప్రసంగించుదుము. ఆయన చేసిన ప్రార్థనను మరల చదువుడి. మొదట దేవునికి కృతజ్ఞత చెప్పుకొనెను. పిమ్మట తన మంచి అలవాట్లను లెక్క చెప్పెను: వారమునకు రెండు ఉపవాసములు, సంపాదనలో పదియవ వంతు. అది అక్షరాల మన ముప్పదియొకటవ తేదీ రాత్రి సాక్ష్యమే! కృతజ్ఞతయు ఉన్నది, జీవితమును సరిదిద్దుకొనుటయు ఉన్నది. మరి ఏది చెడినది? ఆయన కృతజ్ఞతకు ఆధారముగా ప్రక్కన ఇంకొకడు నిలువబడియుండవలెను. ఆ సుంకరి అక్కడ లేకున్న ఆయన స్తుతి కూలిపోవును. ఎందరో గతించిపోయినను అని మనమును మొదలు పెట్టుదుము గదా. ఆ ఎందరో లేకున్న మన సాక్ష్యము నిలుచునా?

ఉప్పాడ జాందానీ నేయువారు మనలో ఉన్నారు గనుక ఈ మాట వారికి సులభముగా తెలియును. ఒక మగ్గముమీద ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి వారములకొలది నేసిన ఆ చీరను కొనవచ్చినవాడు మొదట పైభాగము చూడడు. తిరుగవేసి చూచును. పువ్వు ఈ వైపున ఎట్లుండునో ఆ వైపునను అట్లే యుండవలెను. మన స్తుతి పాటలను తిరుగవేసి, నరసాపురపు వైపునుండి చూచినయెడల ఏమి కనబడును?

ఆపద తప్పినవాడు నోరు మూసికొని యుండవలెనని నేననుట లేదు. బిడ్డ జ్వరము తగ్గిన తల్లి వందనములు చెప్పక యెట్లుండగలదు? ప్రక్క మంచములోని బిడ్డ చనిపోయినది గనుక నీవు సంతోషింపరాదని ఆమెకు చెప్పు పాస్టరు ఉన్నయెడల వానిని ఆ ఆసుపత్రి గుమ్మము ఎక్కనియ్యరాదు. ఆమె తన బిడ్డకొరకు సంతోషించుచున్నది, రెండు మంచములను సరిచూచి కాదు. సరిచూచుట మొదలుపెట్టినప్పుడు చిక్కు మొదలగును.

లూకా పదుమూడవ అధ్యాయములో సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిన సంగతి యున్నది. చనిపోయినవారు మిగిలినవారికంటె చెడ్డవారా అను తలంపు జనుల మనస్సులో నుండెను. కాదని ప్రభువు చెప్పెను. గోపురము వారిమీదనే యెందుకు పడినదో మాత్రము చెప్పలేదు. దాని బదులు, నిలిచియున్న మీరు మనస్సు మార్చుకొనుడని వినువారివైపు తిరిగెను. వెంటనే అంజూరపు చెట్టు ఉపమానము చెప్పెను. మూడేండ్లు కాయని చెట్టును నరికివేయుమని యజమానుడనగా, తోటమాలి ఇంకొక సంవత్సరము గడువు అడిగెను. చుట్టు త్రవ్వి ఎరువు వేసెదననెను. రాత్రి ఆరాధనలో నేను పలుమారు ఈ భాగమును తీసికొని, మనకు క్రొత్త సంవత్సరము గడువుగా దొరికినదని ప్రసంగించితిని. అయితే చెట్టుకు గడువు ఇచ్చినది దాని ఆకులు బాగుగా పెరుగుటకు కాదని, పండు తినువాడు వేరొకడని చెప్పుట మరచితిని.

ఇక మన తీర్మానముల సంగతి. జనవరి ఒకటవ తేదీన చేసిన తీర్మానములలో కొన్ని సంక్రాంతి కోడిపందెములవరకు నిలుచును. గట్టివి వేటనిషేధము వరకు నిలుచును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు ఇంజను బోట్లు సముద్రముమీదికి పోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలము. సముద్రమునకు విశ్రాంతిదినమువంటిది. ఏడవ సంవత్సరమున భూమికి సెలవియ్యవలెనని మోషే ధర్మశాస్త్రములో చదివినప్పుడెల్ల నాకిది జ్ఞాపకము వచ్చును. అయితే ఆ సెలవులలో పురుషులకు చేతినిండ ఖాళీ దొరకును గనుక, జనవరిలో మ్రొక్కి మానిన సీసా మేనెలలో మరల చేతికి వచ్చును. సెలవు దొరికినంతమాత్రమున మనిషి బాగుపడడు.

ఇతరులమీద చెప్పనేల? నా డైరీలలో ప్రతి సంవత్సరము మొదటి పేజీని తీసి చూచితిని. ఉదయము నాలుగు గంటలకు లేచుట. కోపము తగ్గించుకొనుట. టీలో చక్కెర మానుట. దినమునకు అయిదు అధ్యాయములు చదువుట. ఆరేండ్లుగా అవే. చక్కెర సంగతి నా భార్యనడిగిన మీకు తెలియును. అయితే అవి నెరవేరలేదన్నది నన్ను అంతగా బాధపెట్టలేదు. ఆ పట్టికలలో నా పేరు తప్ప ఇంకొక మనిషి పేరు ఒక్కటైనను లేదు. అది చూచి సిగ్గుపడితిని. మా నాన్నకు డైరీ లేదు. ఆయన తీర్మానము ఒక అరుగుమీద సగము వాటా పెట్టుట. ఆ పనిలో ఆయనకు తెలియకయే ఆయన కోపము తగ్గెను, త్రాగుడు తగ్గెను. ఇద్దరికి పంచవలసిన డబ్బులో త్రాగుటకు మిగులదు గదా.

మనము ఎల్లప్పుడును తప్పించుకొనినవారమే అనుకొనవద్దు. గోదావరి తెచ్చిన ఇసుకతో సుమారు గడచిన రెండు వందల యేండ్లలో పెరిగిన హోప్ ఐలాండు కాకినాడకు గోడవలె అడ్డుగానున్నది. దానిచాటున అక్కడ నీరు నెమ్మదిగా నుండును, ఓడలు సుఖముగా నిలుచును. ఆ ఇసుకతిప్ప మూలముననే అలల బలము మళ్లి మన ఒడ్డుమీద పడుచున్నదనియు, రేవు గోడలచేతను నదులమీది ఆనకట్టలచేతను మనకు రావలసిన ఇసుక తగ్గినదనియు ఈ సంగతులను పరిశీలించినవారు చెప్పుదురు. ఇసుక నింపిన జియోట్యూబుల గోడ కట్టిరి. అలలు దానిని చీల్చినవి. బండరాళ్ళు పోసిరి, అవియు జారుచున్నవి. ఉప్పాడ వీధులు ఎన్నియో నీటిలోనున్నవి. కాకినాడలో ఎవరైన తమ రేవుయొక్క నెమ్మదికొరకు వందనములు చెల్లించుచుండిన, వారి స్తుతికి వెనుకవైపున మనమున్నాము.

ఆ మునిగిన యిండ్లనుబట్టి ఒక సంగతి జరిగినది. 2020 నవంబరు చివర నివర్ తుపాను ఎక్కడో పుదుచ్చేరి వైపున తీరము దాటినది గాని, మన సముద్రమును కూడ కలచివేసినది. అలలు తగ్గగానే ఒడ్డున ఇసుకలో బంగారు ముక్కలు దొరకుచున్నవని ఊరెల్ల దువ్వెనలు, జల్లెడలు పట్టుకొని వంగినది. పత్రికలవారుకూడ వచ్చిరి. మన సంఘములో చేపలమ్ముకొను ఒక సహోదరికి కందిగింజలో సగమంత ముక్క దొరికినది. ఆమె దానిని అమ్ముకొనలేదు. ఆ సంవత్సరము చేపల బేరము లేక అప్పులలోనున్న మనిషి. అమ్ముకొనినను ఎవరు తప్పుపట్టుదురు? డిసెంబరులో ఒక ఆదివారము కాగితములో చుట్టి కృతజ్ఞతార్పణగా తెచ్చినది.

"దేవుడిచ్చాడండీ అయ్యగారూ. ఆయనదే ఆయనకి."

నేను దానిని అందరికిని చూపి, బీద విధవరాలి రెండు కాసులను జ్ఞాపకము చేసి, ఘనముగా ప్రార్థించితిని. వెనుక బల్లమీద ఒక ముసలమ్మ కూర్చుండియుండెను. ఆమె యిల్లు కొన్ని యేండ్ల క్రిందట ఒక రాత్రివేళ సముద్రములో పడిపోయినది. ట్రంకుపెట్టె, అందులో కోడలి మంగళసూత్రపు గుండ్లు, అన్నియు పోయినవి. ఆరాధనయైన పిమ్మట ఆమె మెల్లగా వచ్చి, చూపించమనెను. అరచేతిలో వేసికొని, వెలుతురులోనికి పోయి, త్రిప్పి త్రిప్పి చూచెను.

"నాది కాదులెండి," అని తిరిగి ఇచ్చెను. కొంచెము ఆగి, "నాదైనా పోల్చలేనండి. ఇసక అరగదీసేసింది," అనెను.

ఆ రాత్రి ద్వితీయోపదేశకాండము ఇరువది రెండవ అధ్యాయము తీసి చదివితిని. నీ సహోదరుడు పోగొట్టుకొన్నది ఏదైన నీకు దొరికినయెడల, అతడు వెదకుచు వచ్చువరకు నీయొద్దనుంచి, అతనికి మరల ఇయ్యవలెనని అక్కడ నున్నది. ఎద్దు, గొర్రె, గాడిద, వస్త్రము అని పేర్లు పెట్టి చెప్పెను. చూడనట్లు ప్రక్కకు పోరాదని కూడ చెప్పెను. దేవుడిచ్చినాడని ఆ సహోదరి చెప్పిన మాట అబద్ధము కాదు. ఎవరో పోగొట్టుకొనిరన్నదియు అబద్ధము కాదు. ఆ రెండు మాటలు ఒకే ముక్కమీద ఉన్నవి.

కమిటీలో దీనిగురించి మాట పెరిగినది. అమ్మి మందిరపు రేకుల నిధిలో వేయుదమని ఒక పెద్ద అనెను. సముద్రము ఇచ్చినది సముద్రపు సొమ్మేయని ఇంకొకరనిరి. తెచ్చిన సహోదరికే తిరిగి ఇచ్చివేయుదమని నేనంటిని, ఆమె ముట్టుకొనలేదు. చివరకు మూడు ఆదివారములు ప్రకటన చేసితిమి. ఎవరును రాలేదు. ఆ ముక్కను చిన్న గుడ్డలో కట్టి, లెక్కల పుస్తకముతో బీరువాలో పెట్టితిమి. అప్పటినుండి బంగారము ధర రెండింతలకు పైగా పెరిగినదని ఆ పెద్ద నాకు అప్పుడప్పుడు గుర్తు చేయుచుండును.

నరసాపురము మాటకు వత్తును. ఆ పిల్ల అడిగిన మరుసటి ఆదివారము కానుకపెట్టె ప్రక్కన ఇంకొక డబ్బా పెట్టించితిని. వచ్చినది కొంచెమే. రెండు టార్పాలిన్లు, ఒక బియ్యపు బస్తా కొని, ఆమె భర్తయు మన యువకులు ఇద్దరును పట్టుకొనిపోయిరి. అది కృతజ్ఞతచేత చేసితినా, సిగ్గుచేత చేసితినా అని నన్నడిగినయెడల ఎక్కువ పాలు సిగ్గేయని ఒప్పుకొందును. ఆ డిసెంబరు ముప్పదియొకటి రాత్రి సాక్ష్యములకు ముందు నేనే లేచి, సజీవుల లెక్క అను మాట నేను చెప్పబోవుట లేదని, చెప్పువారిని ఆపనని అంటిని. కొందరు నొచ్చుకొనిరి. చాలసేపు ఎవరును లేవలేదు. పిమ్మట ఒక సహోదరుడు లేచి, తన బోటు మునిగినప్పుడు వల ఇచ్చిన యొకని పేరు చెప్పి కూర్చుండెను. ఇంకొకతె తన కాన్పులో రాత్రియంతయు కాచుకొనియుండిన ప్రక్కయింటి హిందూ సహోదరి పేరు చెప్పెను. పండ్రెండు కొట్టులోగా పదునొకండు పేర్లు వచ్చినవి.

ఆ ముసలమ్మ ఆ రాత్రి రాలేదు, చలికి దగ్గు. మరునాడు ఉదయము వాగ్దాన వచనపు చీటీ ఇచ్చుటకు ఆమె యింటికి పోతిని. చీటీ తీసికొని కన్నుల కద్దుకొని, ఆ బంగారు ముక్క ఇంకను ఉన్నదా అని అడిగెను. ఉన్నదంటిని.

"ఉంచండి అయ్యగారూ," అనెను. "ఎవరైనా వస్తారేమో."